ఒకే పేరు, ఇద్దరు మనుషులు: బెంగళూరులో వాకబు చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

సంబంధం ఖాయం చేసుకునే ముందు, ఫ్లాటుకు అడ్వాన్సు ఇచ్చే ముందు, మనిషిని ఉద్యోగంలోకి తీసుకునే ముందు ఇప్పుడు అందరూ చేసే మొదటి పని పేరు కొట్టి వెతకడం. బెంగళూరులో శ్రీనివాస్ అనో, మంజునాథ్ అనో, లక్ష్మి అనో వెతికితే లెక్కలేనంత మంది వస్తారు. వాళ్లలో మనకు కావలసిన మనిషిని ఎలా వేరు చేయాలి, ఏ రికార్డు ఎంతవరకు చెబుతుంది, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది అన్నవే ఈ ప్రశ్నలు.

పేరు, ఇంటి పేరు, సొంత ఊరు మూడూ కలిశాయి. ఆ మనిషే అనుకోవచ్చా?

అనుకోకూడదు. మన ఇళ్లలో తాత పేరు మనవడికి పెట్టడం మామూలు. అన్నదమ్ములిద్దరూ తమ కొడుకులకు తమ తండ్రి పేరే పెడితే ఒకే ఇంటి పేరు, ఒకే పేరు, ఒకే ఊరు, కాస్త వయసు తేడాతో ఇద్దరు తయారవుతారు. ఇద్దరూ ఇంజనీరింగ్ చదివి మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఉంటే ఇంటర్నెట్‌లో ఒకే మనిషిలా కనిపిస్తారు. అక్కడ ఇంటి పేరు పనికిరాదు, తండ్రి పేరు పనికొస్తుంది.

మేం పాటించే కొలత ఇది. పేరు కాకుండా ఇంకో రెండు వివరాలు కలవాలి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, పాత చిరునామా, ఫొటో, వీటిలో ఏవైనా రెండు. ఆ రెండూ వేర్వేరు చోట్ల నుంచి రావాలి. లింక్డ్‌ఇన్ పేజీలో ఉన్నదీ, ఏదో సదస్సు కరపత్రంలో ఉన్నదీ ఆ మనిషే రాసిచ్చినవైతే రెండూ కలిపి ఒక్కటే లెక్క. ఒక్క గట్టి వివరం తేడా వచ్చినా ఆగిపోవాలి. కలిసేవాటి కోసం కాక కలవనిదాని కోసం వెతికితే పని త్వరగా తెమిలిపోతుంది.

ఇనిషియల్ కలిస్తే?

బెంగళూరులో దీనితోనే ఎక్కువమంది పొరబడతారు. ‘ఎస్. రమేశ్’లో ఎస్ తెలుగువారికి ఇంటి పేరు. తమిళ కుటుంబంలో అది సాధారణంగా తండ్రి పేరు. కన్నడ కుటుంబాల్లో తండ్రి పేరు కావచ్చు, ఊరి పేరు కావచ్చు, పైగా ఇక్కడ ఇనిషియల్‌ను పేరు తర్వాత రాయడం ఎక్కువ. ముగ్గురు ఎస్. రమేశ్‌ల ఎస్‌లకు ఒకదానితో ఒకదానికి సంబంధం ఉండదు. ఇనిషియల్‌ను పూర్తిగా విడదీసి రాసిన కాగితం ఒకటి చేతికి వచ్చేదాకా దాన్ని ఆధారంగా తీసుకోవద్దు. పదో తరగతి సర్టిఫికెట్ అందుకు అన్నిటికంటే మేలు.

పాన్ కార్డుతోనూ ఇదే చిక్కు. పది అక్షరాల పాన్‌లో నాలుగోది మనిషా, కంపెనీయా చెబుతుంది: వ్యక్తికి పీ, కంపెనీకి సీ, భాగస్వామ్య సంస్థకు ఎఫ్. ఐదోది చివరి పేరు మొదటి అక్షరం. దరఖాస్తులో ‘చివరి పేరు’ అన్న గడిలో ఒకరు ఇంటి పేరు రాస్తారు, ఇంకొకరు సొంత పేరే రాస్తారు. అందుకే ఐదో అక్షరం ఇంటి పేరుతో కలవలేదని పాన్ దొంగదని తేల్చేయకండి.

స్పెల్లింగ్ ఎన్ని రకాలుగా వెతకాలి?

శ్రీనివాస్‌కు కనీసం నాలుగు: ఎస్ తర్వాత ఆర్-ఐ, ఆర్-డబుల్ ఈ, మొదట్లో ఎస్-హెచ్, చివర ఏ చేర్చినది. లక్ష్మికి కె-ఎస్-హెచ్ ఒకటి, ఎక్స్ ఒకటి. లతకు టీ పక్కన హెచ్ ఉన్నదీ లేనిదీ. వెంకటేశ్వర్లును ఇక్కడి గుమాస్తా ‘వెంకటేశ’ అని కుదించి ఉండొచ్చు. పేరును పూర్తిగా కొట్టకుండా మొదటి నాలుగైదు అక్షరాలతో వెతికి, వచ్చిన జాబితాను కంటితో వడకట్టడం నయం.

భూమి రికార్డుల్లో పేర్లు కన్నడ లిపిలోనే ఉంటాయి. పహణీలో (సర్వే నంబరు వారీ భూమి రికార్డు) పేరు పక్కన ‘బిన్’ అని ఉంటే ఫలానావారి కొడుకు అని, ‘కోం’ అని ఉంటే ఫలానావారి భార్య అని అర్థం. ఒకే సర్వే నంబరులో ఒకే పేరు రెండుసార్లు ఉంటే తేల్చేది ఆ బిన్ తర్వాతి మాటే. కన్నడ అక్షరాలు మనకు కొత్త కాదు, నెమ్మదిగా చదివితే తెలుస్తుంది.

కోర్టు కేసులు చూపే వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో పేరు కొడితే మూడు కేసులు వచ్చాయి. ఏం చేయాలి?

ముందు అది ఎలా వెతుకుతుందో చూడండి. రాష్ట్రం, జిల్లా, కోర్టు కాంప్లెక్స్ ఎంచుకుని, పేరులో కనీసం 3 అక్షరాలు, సంవత్సరం ఇవ్వాలి. పెండింగ్, డిస్పోజ్డ్ (ముగిసినవి), రెండూ అని మూడు ఎంపికలుంటాయి. ‘రెండూ’ పెట్టండి. మీరు ఎంచుకున్న కాంప్లెక్స్‌లో, మీరిచ్చిన ఏడాదిలో ఉన్నవి మాత్రమే వస్తాయి. సిటీ సివిల్ కోర్టు, మేయో హాల్, నృపతుంగ రోడ్డు మేజిస్ట్రేట్ కోర్టులు దేనికది విడిగా చూడాలి. బెంగళూరు రూరల్ జిల్లా వేరు. హైకోర్టు కేసులకు వేరే వెతుకులాట, అందులోనూ బెంగళూరు, ధార్వాడ, కలబురగి పీఠాలు వేరు. వినియోగదారుల కమిషన్, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ), కంపెనీ లా ట్రిబ్యునల్, రుణ వసూలు ట్రిబ్యునల్ కేసులు ఇందులో రానే రావు. కాబట్టి ఏమీ రాకపోతే ఆ ఏడాదికి ఆ కాంప్లెక్స్‌లో ఆ స్పెల్లింగ్‌తో లేదని మాత్రమే అర్థం.

వచ్చిన మూడింటిలో మొదట కేసు రకం చూడండి. ఓఎస్ అంటే సివిల్ దావా, సీసీ అంటే మేజిస్ట్రేట్ దగ్గరి క్రిమినల్ కేసు, ఎమ్‌వీసీ అంటే రోడ్డు ప్రమాద పరిహారం కోసం వేసినది. ‘క్రిమినల్ కేసు ఉంది’ అని సంబంధం వదులుకున్నాక చూస్తే అది ట్రాఫిక్ జరిమానా అని తేలడం అరుదేమీ కాదు. తర్వాత మనిషి ఏ పక్కన ఉన్నాడో చూడండి. చెక్ బౌన్స్ కేసులో ఫిర్యాదుదారు డబ్బు పోగొట్టుకున్నవాడు, నిందితుడు ఎగ్గొట్టాడని ఆరోపణ ఉన్నవాడు. జాబితాలో రెండు పేర్లూ ఒకే వరసలో ఉంటాయి, తొందరలో ఇటువాడిని అటు చేస్తారు.

ఆ తర్వాత ఒక్కో కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు రాసుకోండి. కర్ణాటక కేసులకు అది కేఏతో మొదలవుతుంది, చివరి నాలుగు అంకెలు సంవత్సరం. ఆ నంబరుతో కేసు పేజీ తెరిచి ఆర్డర్ లేదా తీర్పు దించుకోండి. తీర్పు మొదటి పేజీలో పక్షాల తండ్రి పేరు, వయసు, చిరునామా సాధారణంగా ఉంటాయి. తేలేది అక్కడే. 2014 తీర్పులో వయసు 52 అని ఉంటే, మీరు చూస్తున్న 30 ఏళ్ల అబ్బాయి ఆయన కాదు. తీర్పు అప్‌లోడ్ కాకపోతే లాయరు ద్వారా సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

‘డిస్పోజ్డ్’ అనగానే శిక్ష పడిందని కాదు. కొట్టేసినా, రాజీ అయినా, వెనక్కి తీసుకున్నా, నిర్దోషిగా వదిలేసినా అదే మాట. కింద ‘నేచర్ ఆఫ్ డిస్పోజల్’ అన్న గడి చదవాలి.

ఎఫ్‌ఐఆర్‌లు కూడా అందరికీ కనిపిస్తాయా?

చాలావరకు. 2016లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లోగా పోలీసు వెబ్‌సైట్లో పెట్టాలి, లైంగిక నేరాల వంటి సున్నితమైనవాటికి మినహాయింపు ఉంది. అయితే ఎఫ్‌ఐఆర్ ఒకరు చెప్పిన మాట, అంతే. నిందితుడి పేరు విన్నదాన్ని బట్టి రాసింది కావచ్చు, తండ్రి పేరు గడి ఖాళీగా ఉండొచ్చు. దాన్ని బట్టి ఎవరి గురించీ ఒక నిర్ణయానికి రావద్దు.

డాక్టరు ఇచ్చిన అర్హతలు నిజమో కాదో, అదే పేరున్న ఇంకొకరివో ఎలా తెలుస్తుంది?

పేరుతో కాదు, నంబరుతో మొదలుపెట్టండి. ప్రిస్క్రిప్షన్, రసీదు, క్లినిక్ బోర్డు మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలన్నది వైద్యుల నియమావళిలోనే ఉంది. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లో ఆ నంబరు కొట్టి, పక్కనే రాష్ట్ర కౌన్సిల్‌ను కూడా ఎంచుకోండి. ఈ రెండోది మరిచిపోతేనే తప్పు జరుగుతుంది. కర్ణాటక కౌన్సిల్లో ఒక నంబరు ఒకరిది, ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్లో అదే నంబరు వేరొకరిది. నంబరు, కౌన్సిల్ రెండూ కలిపితేనే ఒక మనిషి. వచ్చిన పేజీలో తండ్రి పేరు, డిగ్రీ, సంవత్సరం, విశ్వవిద్యాలయం చూసుకోండి.

గుంటూరులోనో కర్నూలులోనో చదివి ఇక్కడ ప్రాక్టీసు చేస్తున్నవారికి రెండు రాష్ట్రాల నంబర్లు ఉండొచ్చు. అది మోసం కాదు. ఎంబీబీఎస్ కనిపించి ఎండీ కనిపించకపోతే, అదనపు అర్హత నమోదు చేయించుకోలేదా అని నేరుగా అడగండి, కౌన్సిల్ కాగితం చూపించమనండి. పేరే లేకపోతే ఆయన దంతవైద్యుడో ఆయుర్వేద, హోమియో వైద్యుడో కావచ్చు, వాళ్ల కౌన్సిళ్లు వేరు. అలాంటప్పుడు ఏ పద్ధతిలో వైద్యం చేస్తున్నారన్నది అసలు ప్రశ్న అవుతుంది.

లాయరు, చార్టర్డ్ అకౌంటెంట్ సంగతి?

లాయరు ఎన్‌రోల్‌మెంట్ నంబరులో మూడు భాగాలు: రాష్ట్రం, వరస సంఖ్య, సంవత్సరం. వరస సంఖ్య ఏటా మళ్లీ మొదలవుతుంది కాబట్టి సంవత్సరం లేని నంబరు చెప్పినా చెప్పనట్టే. ఈ-కోర్ట్స్‌లో లాయరు పేరుతో వెతికితే అదే పేరున్న అందరి కేసులూ కలిసి వస్తాయి. ఎన్ని కేసులు వాదించారన్న లెక్క అందులోంచి తీయకండి.

సీఏకు ఆరంకెల సభ్యత్వ సంఖ్య ఉంటుంది. ఆయన సంతకం చేసిన సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఇంకా సులువు. 2019 ఫిబ్రవరి నుంచి ప్రతి సర్టిఫికెట్‌కూ యూడీఐఎన్ అనే 18 అక్షరాల ప్రత్యేక నంబరు తప్పనిసరి. అందులో మొదటి రెండు అంకెలు సంవత్సరం, తర్వాతి ఆరు సభ్యత్వ సంఖ్య. సీఏల ఇన్‌స్టిట్యూట్ నడిపే యూడీఐఎన్ పోర్టల్‌లో కొడితే ఆ పత్రం నిజంగా ఆ సభ్యుడు ఇచ్చిందేనా అన్నది తేలిపోతుంది. ఇంత శుభ్రంగా సరిచూసుకునే వీలు మిగతా వృత్తుల్లో లేదు.

ఒక పేరుతో ఐదు కంపెనీల్లో డైరెక్టరు కనిపిస్తున్నాడు. ఒకడేనా?

డిన్, అంటే డైరెక్టర్ గుర్తింపు నంబరు, చూడండి. ఎనిమిది అంకెల ఆ నంబరు ఒక మనిషికి ఒకటే, జీవితాంతం. ఐదు కంపెనీల్లోనూ డిన్ ఒకటైతే ఒకడే, వేరైతే వేరు. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో కంపెనీ మాస్టర్ డేటా తెరిస్తే డైరెక్టర్ల పేర్లు, డిన్‌లు వస్తాయి. కంపెనీ దాఖలు చేసిన కాగితాలు చూడాలంటే ఒక్కో కంపెనీకి 100 రూపాయల రుసుము. డీఐఆర్-12 ఫారంలో ఎప్పుడు చేరాడు, ఎప్పుడు మానుకున్నాడు తెలుస్తుంది.

2017లో మూడేళ్లు వరుసగా లెక్కలు దాఖలు చేయని కంపెనీల డైరెక్టర్లను లక్షల సంఖ్యలో అనర్హులుగా ప్రకటించి జాబితాలు పెట్టారు. ఆ జాబితాల్లో పేరు వెతికి భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడా చూడాల్సింది డిన్ గడినే.

కంపెనీ కాక సొంత వ్యాపారమైతే జీఎస్టీ నంబరు అడగండి. 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రం: కర్ణాటకకు 29, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది యజమాని పాన్. బోర్డు మీద ఏ పేరున్నా, జీఎస్టీ పోర్టల్ చట్టబద్ధమైన పేరు వేరుగా చూపిస్తుంది. హైదరాబాద్‌లోని దుకాణం, బెంగళూరులోని దుకాణం ఒకరివేనా అన్నది మధ్యలోని పది అక్షరాలు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు ఇలాంటి రిజిస్టర్ ఏదైనా ఉందా?

లైసెన్సు లేదు కాబట్టి డాక్టర్లకున్నట్టు అందరూ తప్పక నమోదు కావాల్సిన రిజిస్టరూ లేదు. చదువు, ఉద్యోగం రెండూ ఆ మనిషి చేతనే చూపించుకోవాలి.

చదువు విషయంలో హాల్‌టికెట్ నంబరు చాలా చెబుతుంది. జేఎన్‌టీయూ నంబరులో మొదటి రెండు అంకెలు చేరిన ఏడాది, తర్వాతి రెండు కాలేజీ కోడ్, వెనక వచ్చే 05 కంప్యూటర్ సైన్స్, 04 ఎలక్ట్రానిక్స్. కర్ణాటకలో వీటీయూ (విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం) విద్యార్థి నంబరు యూఎస్ఎన్‌లో ప్రాంతం, రెండక్షరాల కాలేజీ కోడ్, ఏడాది, బ్రాంచి, రోల్ నంబరు వరసగా ఉంటాయి. సర్టిఫికెట్‌లో ఎలక్ట్రానిక్స్ అని ఉండి నంబరులో సివిల్ కోడ్ ఉంటే అది ఇంకొకరి కాగితం కావచ్చు. 2008లో జేఎన్‌టీయూ హైదరాబాద్, కాకినాడ, అనంతపురంగా విడిపోయింది. ఆ ముందు చేరి ఆ తర్వాత బయటికొచ్చినవారి మార్కుల జాబితాల్లో రెండు విశ్వవిద్యాలయాల పేర్లు కనిపిస్తే అనుమానించకండి. ఇక్కడి హెచ్‌ఆర్‌లలో ఈ సంగతి తెలియనివారు చాలామంది.

ఉద్యోగం విషయంలో పీఎఫ్ సభ్యుడి నంబరు యూఏఎన్ కింద ఉండే సర్వీస్ హిస్టరీ గట్టి ఆధారం. అది అభ్యర్థి తన లాగిన్‌తో తీసి ఇవ్వాల్సింది, వేరేవాళ్లు చూసేది కాదు. సంబంధం మాట్లాడేటప్పుడు కూడా అబ్బాయినో అమ్మాయినో మర్యాదగా అడిగితే ఇచ్చేస్తారు. చాటుగా ఆఫీసుకు ఫోన్ చేస్తే అదే పేరున్న ఇంకొకరి సంగతి చెప్పినా చెబుతారు, ఎందుకంటే పెద్ద కంపెనీలో ఒక పేరుకు చాలామంది ఉంటారు. ఎంప్లాయీ నంబరు లేకుండా అడగడం దండగ.

పరిశోధకులు?

పేరుతో గూగుల్ స్కాలర్ లెక్కలు నమ్మవద్దు, ఇద్దరి వ్యాసాలు ఒక పేజీలో కలిసిపోతుంటాయి. పరిశోధకుడికి గుర్తింపుగా ఉండే 16 అంకెల ఆర్కిడ్ నంబరు అడగండి. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం శోధ్‌గంగలో (సిద్ధాంత గ్రంథాల వెబ్‌సైట్) ఉంటే గైడు పేరు, విశ్వవిద్యాలయం సరిపోల్చుకోవచ్చు.

ఫ్లాటు అమ్మేవాడే అసలు యజమాని అని ఎలా నమ్మాలి?

పేరు కలిసిన మనిషిని యజమానిగా నిలబెట్టి అమ్మేయడం పాత మోసం. మామూలుగా ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) చూసి తృప్తి పడతారు. కర్ణాటకలో లావాదేవీలుంటే ఫారం 15, ఏమీ లేకపోతే ఫారం 16 వస్తుంది. ఈసీ ఆస్తి చరిత్ర చెబుతుంది గానీ, మీ ముందు కూర్చున్న మనిషి ఆ పేరుగల మనిషే అని చెప్పదు.

అందుకని ఈసీలో చివరి అమ్మకం వరస పట్టుకుని, ఆ దస్తావేజు నంబరుతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తీయించండి. అమ్మేవాడు ఇచ్చిన జిరాక్స్ వద్దు. రిజిస్ట్రేషన్ కంప్యూటర్లో జరగడం మొదలైన తర్వాతి కాపీల్లో ఇరు పక్షాల ఫొటోలు, వేలిముద్రలు ఉంటాయి. ఆ ఫొటో, తండ్రి పేరు, సంతకం ఎదురుగా ఉన్న మనిషితో పోల్చండి. తర్వాత ఈ-ఖాతాలో (నగరపాలక సంస్థ ఆస్తి రికార్డు) యజమాని పేరు, ఫొటో చూడండి. దస్తావేజులో పూర్తి పేరు, ఖాతాలో ఇనిషియల్ ఉంటే ముందు ఖాతా సరిచేయించమనండి. ‘ఇద్దరూ ఒకరే’ అని నోటరీ అఫిడవిట్ తెస్తామంటారు. అది ఆ మనిషి తన గురించి తాను చెప్పుకున్న మాట, దాన్ని ఒక్కదాన్నే నమ్మి డబ్బు కట్టకండి.

వారసత్వంగా వచ్చిన స్థలమైతే వంశవృక్షం అడగండి, నాడకచేరిలో (రెవెన్యూ కార్యాలయం) ఇస్తారు. తాత, మనవడు ఒకే పేరువాళ్లయిన ఇంట్లో తాత పేరున ఉన్న ఆస్తిని మనవడు తనదిగా చూపించడం చాలా తేలిక. దస్తావేజు 1985 నాటిదై, మనిషి ఆధార్ ప్రకారం 1979లో పుట్టి ఉంటే కూడిక, తీసివేత చాలు.

ఓటరు జాబితా పనికొస్తుందా?

కొంత. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, పోలింగ్ కేంద్రం తెలుస్తాయి. కానీ ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది ఓటు ఇంకా ఊళ్లోనే ఉంటుంది, కాబట్టి బెంగళూరు జాబితాలో లేకపోవడానికి అర్థమేమీ లేదు.

ఎన్నికల్లో పోటీ చేసినవారైతే ఫారం 26 అఫిడవిట్‌లో ఆస్తులు, కేసులు, చదువు అన్నీ ఉంటాయి. ఒకే పేరున్న అభ్యర్థుల బెడద ఎన్నికల సంఘానికీ తప్పలేదు. 1961 నాటి నియమాల్లోనే అలాంటివారిని వృత్తితోనో నివాసంతోనో వేరు చేసి చూపాలని ఉంది. 2015 నుంచి బ్యాలెట్ మీద ఫొటో పెడుతున్నది కూడా ఈ గందరగోళం తగ్గించడానికే.

ఎదుటివాళ్ల సిబిల్, ఆధార్, జీతం వివరాలు తీసిపెడతామనే ఏజెంట్లను నమ్మొచ్చా?

వద్దు. అవి బహిరంగ రికార్డులు కావు. వాటిని వాళ్లు తెచ్చిపెట్టారంటే దొంగదారిన తెచ్చినట్టే, లేదా కల్పించినట్టు. ఆర్‌టీఐ కింద 10 రూపాయలు కట్టి అడిగినా వ్యక్తిగత సమాచారం ఇవ్వరు. పోలీసు వెరిఫికేషన్ సర్టిఫికెట్ కావాలంటే ఆ మనిషే తన పేరున సేవాసింధులో (కర్ణాటక ప్రభుత్వ సేవల పోర్టల్) దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంటి పనికి, డ్రైవరుగా తీసుకునేటప్పుడు అలా తెమ్మనడం మంచి పద్ధతి.

వేరొకరి అప్పు నా క్రెడిట్ రిపోర్టులోకి వచ్చింది. ఎలా తీయించాలి?

పేరు, పుట్టిన తేదీ దగ్గరగా ఉండి పాన్ తప్పుగా ఎక్కినప్పుడు ఇలా జరుగుతుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ నాలుగూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీసుకోండి, తప్పు ఒకదాంట్లోనే ఉందా అన్నింటిలోనా అన్నది ముఖ్యం. అన్నింటిలో ఉంటే పొరపాటు అప్పిచ్చిన బ్యాంకు దగ్గర జరిగి ఉండే అవకాశం ఎక్కువ. రిపోర్టులోనే వివాదం నమోదు చేసి, ‘ఈ ఖాతా నాది కాదు’ అన్న రకాన్ని ఎంచుకోండి. బాకీ అంకె తప్పు అని పెడితే ఖాతా మీదేనని ఒప్పుకున్నట్టవుతుంది. అదే రోజు బ్యాంకు ఫిర్యాదుల అధికారికీ రాతపూర్వకంగా పంపండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఈలోగా పరువు పోతుందని ఆ అప్పు కట్టేయకండి, మీదేనని రికార్డయిపోతుంది.

నా పేరున్న ఇంకొకరి కేసు వల్ల బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఆగిపోయాను.

ఏ కేసు చూసి ఆపారో సీఎన్‌ఆర్ నంబరు రాతపూర్వకంగా అడగండి. ‘మీ మీద కేసు ఉంది’ అన్న మాటకు జవాబు చెప్పలేరు, నంబరుకు చెప్పగలరు. ఆ తీర్పు మొదటి పేజీ, మీ పదో తరగతి సర్టిఫికెట్, ఆ కాలంలో మీరు ఎక్కడున్నారో చూపే కాగితం ఒకటి కలిపి, తేడాలను ఒక్క పేజీలో పక్కపక్కన రాసి పంపండి: తండ్రి పేరు, వయసు, చిరునామా. కథ రాయవద్దు, చదివేవారికి ఓపిక ఉండదు. మళ్లీ మళ్లీ ఇదే జరుగుతుంటే తాజా పోలీసు సర్టిఫికెట్ ఒకటి దగ్గర పెట్టుకోండి.

దొరికిన వివరాలు బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా?

పెట్టవద్దు. మనిషి వేరని తర్వాత తేలితే తీసేయడం మీ చేతిలో ఉండదు. పరువు నష్టం నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద ఉంది, వేరేవారు పెట్టింది నేను పంపానంతే అంటే చెల్లదు. నిర్ణయం తీసుకోవలసిన ఇద్దరు ముగ్గురికి, సీఎన్‌ఆర్ లేదా డిన్ నంబరుతో సహా, ‘ఇది వారిదేనా అని అడగాలి’ అన్న మాట జోడించి పంపండి. ఆ తర్వాత నేరుగా ఆ మనిషినే అడగండి.